పెదనాన్న పువ్వు పెట్టిన ఇంజను

మొన్న కార్తీక సోమవారం నాడు బలిఘట్టం గుడి బయట ఒక కుర్రవాడు కొత్త కారుకు పూజ చేయించుకుంటున్నాడు. పూజారి గారు పాత అలవాటు కొద్దీ బానెట్ ఎత్తమని అడిగి, అక్షతల పళ్ళెం పట్టుకుని ముందుకు వంగారు. కుర్రవాడు గబుక్కున రెండు చేతులూ అడ్డం పెట్టేశాడు. "వొద్దండి పంతులుగారూ, లోపల ఏటైనా పడిందంటే కంపెనీవోళ్ళు మళ్ళీ బండి మొకం సూడరు. పైపైనే జల్లీండి సాలు" అన్నాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు, పూజారి గారు చిన్నబుచ్చుకున్నారు. నేను ఆ కుర్రవాడి భుజం తట్టి మంచి పని చేశావు నాయనా అన్నాను. పూజారి గారు నన్ను వింతగా చూశారు. ప్రతి సోమవారం ఆ మండపంలో నలుగురినీ కూర్చోబెట్టి పురాణం చెప్పేవాణ్ణి నేనే కదా, నేనే ఇలా మాట్లాడితే ఎలా అన్నట్టుంది ఆ చూపు. గుడిమెట్ల మీద కూర్చుని ఏటి వైపు చూస్తుంటే మా పెదనాన్న గుర్తుకొచ్చారు.

నా ఈడు వాళ్ళయితే మా పెదనాన్న షెడ్డు ఎరిగే ఉంటారు. కొయ్యూరు వైపు వెళ్ళే రోడ్డులో, కొండల మీది ఏజెన్సీకి వెళ్ళే జీపులూ కలప లారీలూ ఊరు దాటేముందు ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకునే చోట, రేకుల కప్పుతో ఉండేది. మా నాన్న నా చిన్నతనంలోనే పోవడంతో నన్ను పెదనాన్నే పెంచారు, స్పానరూ శ్లోకమూ రెండూ ఆయనే నేర్పారు. ఆ రెంటికీ శిక్ష ఒక్కటే ఉండేది. బోల్టు మర వంకరగా ఎక్కించినా, స్తోత్రంలో ఒక అక్షరం మింగేసినా, అదే చెయ్యి అదే చెంప మీద పడేది. ఆయన చెయ్యి మామూలు చెయ్యి కాదు. బిగుసుకుపోయిన నట్టును స్పానరుకు గొట్టం తగిలించకుండా విప్పగలిగిన చెయ్యి. బలిఘట్టం భజన సమాజానికి ఆయనే పెద్ద. సోమవారం సాయంత్రం ఆ చేతిలో తాళాలు పట్టుకుని కళ్ళు మూసుకుంటే ఆయన కళ్ళవెంట నీళ్ళు కారేవి, అది చూసి మాకూ కారేవి. ఆ కన్నీళ్ళూ నిజమే, పొద్దున్న పడిన దెబ్బా నిజమే. ఈ రెండూ ఒక మనిషిలో ఎలా ఇమిడాయో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు, ఇన్నేళ్ళుగా శాస్త్రం చదువుతున్నా.

షెడ్డులో పనిముట్టుకు కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలి. ఇది మాకు ఊపిరితో సమానమైన నియమం. ఒకసారి ఒక లారీ డ్రైవరు తొందరలో జాకీని కాలితో పక్కకు తన్నాడు. పెదనాన్న మెల్లగా చేతులు తుడుచుకుని వెళ్ళి అతని దవడ మీద ఒక్కటిచ్చారు. ఆ డ్రైవరు నేలమీద కూర్చుని అరచేతిలోకి రక్తమూ ఒక పన్నూ ఉమ్ముకుని, వాటినే చూసుకుంటూ ఉండిపోయాడు. తరువాత పెదనాన్నే అతనికి నీళ్ళిచ్చి, బండి బాగుచేసి, సాయంత్రం భజనకు కూడా తీసుకువెళ్ళారు. అతను వాచిన బుగ్గతోనే చప్పట్లు కొట్టాడు. ఆ రోజుల్లో దీన్ని ఎవరూ తప్పనుకోలేదు. భక్తి ఉన్నవాడికి కోపం ఉంటుంది అనేవారు, అదేదో అర్హత అయినట్టు.

పెదనాన్నకు ఒక్కడే కొడుకు. నాకంటే కొంచెం పెద్దవాడు, నేను అన్నయ్య అనేవాణ్ణి. ఆ చేతి దెబ్బలు ఎక్కువగా తిన్నది వాడే. ఈడొచ్చాక ఒకరోజు ఎవరికీ చెప్పకుండా విశాఖపట్నం వెళ్ళిపోయి, అక్కడ కొత్తరకం ఇంజన్లు బాగుచేసే పెద్ద షెడ్డులో చేరి, సెల్‌ఫోన్లు మా ఊరికి అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో తిరిగి వచ్చాడు. కార్బురేటర్ల కాలం అయిపోయిందనీ, ఇకమీద వచ్చే ఇంజన్లలో వైర్లు నరాల్లా ఉంటాయనీ, టర్బో అనే చిన్న గాలిమర ఒకటి ఉంటుందనీ, ఇంజను వదిలిన పొగతోనే అది గిర్రున తిరిగి మళ్ళీ ఇంజనులోకే గాలిని గెంటుతుందనీ వాడు చెబుతుంటే నేను నోరు తెరుచుకుని వినేవాణ్ణి. పెదనాన్న వినేవారు కాదు. వినకపోవడమే కాదు, వాడు మాట్లాడుతున్నంతసేపూ దాగలి మీద ఏదో ఒక ఇనుపముక్క పెట్టి సుత్తితో కొడుతూ ఉండేవారు.

ఆ సమయంలోనే జీడిపిక్కల షావుకారు గారి కారు వచ్చింది. పొడుగాటి ముక్కూ, వెడల్పాటి భుజాలూ, పోట్లగిత్త నిలబడ్డట్టు ఉండేది ఆ కారు. షావుకారు గారి తండ్రి ముచ్చటపడి తెప్పించుకున్నది. దాని ఇంజను వయసైపోయి, కొండవైపు తోటలకు వెళ్ళాలంటే మొదటి మలుపులోనే కూలబడుతోంది. షావుకారు గారికి ఆ కారు వదలాలని లేదు. అన్నయ్య ముందుకు వచ్చి, బండి బండిలాగే ఉంచి, లోపల కొత్తకాలపు డీజిల్ ఇంజను పెట్టి కొండదారి ఘాటీ ఎక్కిస్తానన్నాడు. విశాఖలో పాత సామాన్ల కొట్లో అటువంటి ఇంజనొకటి చూసి పెట్టుకున్నాడట, పల్టీ కొట్టిన జీపులోంచి తీసినది. షావుకారు గారు ఒప్పుకున్నారు. పెదనాన్నను అడగకుండా ఆ షెడ్డులో ఒక పని ఒప్పుకోవడం అదే మొదలు.

ఇంజను లారీలో వచ్చి దిగిన పొద్దున్నే గొడవ మొదలైంది. పెదనాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఏటిరా ఇది, ఆసుపత్రి మంచం మీద రోగికి గొట్టాలు తగిలించినట్టు ఉన్నాది" అన్నారు. అన్నయ్య నవ్వాడు. "నీకు తెలీదు నాన్నా, ఒగ్గేయ్" అన్నాడు. ఆ 'తెలీదు' అన్న మాట గాలిలో ఉండగానే పెదనాన్న చేతిలోని స్పానరు వెళ్ళి అన్నయ్య కనుబొమ్మ చీల్చింది. అంతకు ముందు వేలసార్లు జరిగినదే. కానీ ఆ రోజు, రెండో దెబ్బకు ఎత్తిన పెదనాన్న మణికట్టును అన్నయ్య గాలిలోనే పట్టేసుకున్నాడు. ఇద్దరూ వదలడం లేదు. అన్నయ్య కనుబొమ్మ రక్తం పెదనాన్న చొక్కా మీద పడుతోంది. షెడ్డు వెనకే ఉన్న ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చి మధ్యలో దూరిన పెద్దమ్మను ఎవరు తోశారో, ఎవరూ తోయలేదో, ఆవిడ వెళ్ళి ఇంజను అంచున పడింది. గాజులు పగిలి మణికట్టులో దిగాయి. అప్పుడు విడిపోయారు ఇద్దరూ.

పెద్దమ్మ చేతికి గుడ్డ కడుతూనే పెదనాన్న గోడ మీదున్న శివపార్వతుల పటం వైపు చెయ్యి చాచి ఒక మాట అనేశారు. "ఇను. ఆ ఇంజను షావుకారు బండిలో సక్కగా తిరిగిందంటే షెడ్డు తాళం నీ సేతిలో పెట్టేత్తాను. తిరగలేదో, నువ్వీ గడప తొక్కకు. నాకు కొడుకు లేడనుకుంటాను." అన్నయ్య కనుబొమ్మ అదుముకుంటూనే, "సరే, సామి ముందు అన్నావు కదా, మరి మాట మార్సకు" అన్నాడు. దేవుడి ముందు అన్నమాట వెనక్కి తీసుకునే మనిషి కాదు ఆయన, అడుక్కునే మనిషి కాదు వీడు. ఇల్లూ, తండ్రీ, తల్లీ అన్నీ ఆ ఇంజను తిరగడం మీద పెట్టుకుని అన్నయ్య పని మొదలుపెట్టాడు.

ఇంజను మార్చడమంటే ఏదో నాజూకు పని అనుకుంటారు చూడనివాళ్ళు. అది కసాయిపని. పాత ఇంజనును గొలుసు కప్పీకి కట్టి పైకి లాగుతుంటే గొలుసు తెగి అది నా ముందే నేలను కొట్టింది. నేలలో పరిచిన బండ రెండు ముక్కలయింది, నా కాలు ఇంకొంచెం ముందుకు ఉంటే ఈ రోజు గుడిమెట్లు కర్ర సాయంతో ఎక్కాల్సి వచ్చేది. కొత్త ఇంజను పొడుగెక్కువై పట్టక కారు లోపలి అడ్డుకమ్మీని గ్యాసు మంటతో కోశాము. డ్రైవరు కాళ్ళ ముందుండే రేకును సమ్మెటతో వెనక్కి అణగ్గొట్టాము. నిప్పురవ్వలు పడి మా చేతుల మీద వెంట్రుకలన్నీ మాడిపోయాయి, అన్నం తింటుంటే ముద్దలో కాలిన వాసన వచ్చేది. ఆ కొత్త ఇంజనును అన్నయ్య పూర్తిగా విప్పేశాడు. ప్రతి భాగమూ డీజిలుతో కడిగి, అరిగినవి తీసేసి కొత్తవి వేసి, పురిటిబిడ్డను తుడిచినట్టు తుడిచి మళ్ళీ కట్టాడు. బిగువు కొలిచే స్పానరు టక్కుమన్నప్పుడల్లా వాడి ముఖంలో ఒక వెలుగు కనిపించేది. నేను పక్కన కూర్చుని అందించేవాణ్ణి. మనసులో శివనామం చెప్పుకుంటూనే ఉండేవాణ్ణి, ఎవరి పక్షాన చెప్పుకుంటున్నానో తెలియకుండా.

పెదనాన్న అటువైపు రాలేదు గానీ మాట మాత్రం వచ్చేది. "ఏరా, పెళ్ళికూతురికి జడేత్తన్నారేటి, అంత సేపు? బేగి కానీండి, ముహూర్తం దాటిపోతాది" అనేవారు అటుపక్క లారీ కిందనుంచి. అన్నయ్య ఊరుకునేవాడు కాదు. "పెళ్ళికి నువ్వూ వత్తావు కదా, కొత్త పంచె కట్టుకో" అనేవాడు. నాకు నవ్వు వచ్చేది, వెంటనే భయమేసేది. ఎందుకంటే లారీ కింద సుత్తి చప్పుడు ఆగిపోయేది. ఒకసారి ఆ సుత్తి మా ఇద్దరి తలల మధ్యనుంచి వెళ్ళి రేకుగోడకు గుచ్చుకుంది. అన్నయ్య లేచి దాన్ని ఊడబీకి, తుడిచి, కళ్ళకద్దుకుని, తిరిగి లారీ పక్కన పెట్టి వచ్చాడు.

మా షెడ్డులో ఒక ఆచారం ఉండేది. విప్పి కట్టిన ఇంజనుకు మూతలన్నీ బిగించకముందే, గుండె తెరిచి ఉన్నప్పుడే, భజన సమాజం వచ్చి పూజ చెయ్యాలి. తెరిచిన ప్రతి నోటికీ పెదనాన్న ఒక పువ్వు పెడతారు, అందరూ అక్షతలు జల్లుతారు. మర్నాడు అవన్నీ ఏరేసి మూతలు బిగిస్తాము. వెడల్పాటి దారులున్న పాత ఇంజన్లకు అలా చేయడం వల్ల ఎప్పుడూ ఏ ముప్పూ రాలేదు, ఏదైనా గింజ మిగిలినా అడుగున జల్లెడలో చిక్కుకునేది. ఈ ఇంజనుకు మాత్రం అన్నయ్య అలా వద్దన్నాడు. దారులన్నీ సన్ననివి, వంకరలు తిరిగినవి, అంతా మూసేశాక బానెట్ మీద ఎంత పూజయినా చేసుకోండి అన్నాడు. గొంతు తగ్గించే అన్నాడు, పెద్దమ్మ చేత కూడా చెప్పించాడు. పెదనాన్న వినలేదు. పూజ లేకుండా కట్టిన ఇంజను ఘాటీలో మనుషుల్ని మింగుతుందన్నారు, సమాజం పెద్దలూ అదే అన్నారు. అప్పటికి నాకూ అదే నమ్మకం.

సరే అని అన్నయ్య తెరిచిన చోటల్లా తెల్లటి శుభ్రమైన గుడ్డ కప్పి ఉంచాడు, గుడ్డ మీదే పూజ జరగనీ అని. ఆ సోమవారం సమాజమంతా షెడ్డుకు వచ్చింది. తాళాలూ, చిడతలూ, హార్మోనియమూ, చక్రపొంగలి గిన్నే. పీట మీద శివపార్వతుల పటం పెట్టి దీపం వెలిగించారు. పెదనాన్న స్నానం చేసి తడిపంచెతో వచ్చి, ఇంజనును చూసి ఆగిపోయారు. "తెల్లగుడ్డ కప్పుతారేట్రా? శవానికి కదా కప్పుతారు" అని ఒక్కలాగు లాగేశారు ఆ గుడ్డను. అన్నయ్య అడుగు ముందుకు వేశాడు. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. అందరూ ఉన్నారు, దీపం ఉంది, వాడు ఆగిపోయాడు. పెదనాన్న బంతిపూల బుట్ట తీసుకుని, కళ్ళు సగం మూసుకుని, మంత్రం చెప్పుకుంటూ, ఒక్కొక్క నోటికి ఒక్కొక్క పువ్వు పెట్టుకుంటూ పోయారు. టర్బో ఇంకా బిగించలేదు. దాన్ని తడిపిన నూనె తిరిగి కిందికి దిగడానికి ఒక వంపు గొట్టం ఉంటుంది, దాని నోరు ఆకాశం వైపు తెరుచుకుని ఉంది. దానికీ ఒక పువ్వు పెట్టారు. అది తండ్రి కొడుకు పనిని ఆశీర్వదించడమే. ఆయన చెయ్యి ఆ వేళ ఎంత మెత్తగా కదిలిందో నేను చూశాను. తరువాత మేమందరం నామం చెబుతూ అక్షతలు జల్లాము.

మర్నాడు అన్నయ్యా నేనూ పువ్వులూ గింజలూ ఏరాము, గాలి కొట్టించాము, టార్చిలైటు వేసి చూశాము. అంతా శుభ్రంగా కనిపించింది. మూతలు బిగించి, ఇంజనును కారులో దించి, వైర్లన్నీ కలిపేసరికి ఇంకొన్నాళ్ళు పట్టింది.

స్టార్టు చేసే రోజు పొద్దున్నే ఊళ్ళో సగం మంది వచ్చారు. షావుకారు గారూ వారి మనుషులూ, హార్మోనియంతో భజన సమాజమూ వచ్చారు. పెదనాన్న మళ్ళీ పీట వేసి, పటమూ పొంగలి గిన్నే పెట్టి, దీపం వెలిగించి, కారు ముందు గుమ్మడికాయ కొట్టారు. అన్నయ్య తాళం తిప్పాడు. మొదటి తిప్పుకే అందుకుంది. ఆ చప్పుడు పాత ఇంజన్ల దగ్గులా లేదు, కిందనుంచి ఏదో బలమైన జంతువు గురక పెడుతున్నట్టు నిండుగా ఉంది. షావుకారు గారు చిన్నపిల్లవాడిలా చప్పట్లు కొట్టారు. అన్నయ్య తల తిప్పి తండ్రి వైపు చూశాడు. పెదనాన్న ముఖంలో ఏమీ కనిపించలేదు గానీ, మొలతాడుకు కట్టుకున్న షెడ్డు తాళం మీదికి ఆయన చెయ్యి వెళ్ళడం నేను చూశాను.

కాసేపటికి ఆ గురక కొంచెం పైకి లేచింది. అన్నయ్య యాక్సిలరేటరు మీంచి కాలు తీసేశాడు, అయినా లేస్తూనే ఉంది. తాళం తిప్పి ఆపేశాడు. ఆగలేదు. తాళమే ఊడదీసి చేత్తో పట్టుకుని చూపించాడు, అయినా ఇంజను తిరుగుతూనే ఉంది, ఇంకా ఇంకా వేగంగా. పొగగొట్టంలోంచి మొదట నీలంగా, తరువాత తెల్లగా పొగ ఎగజిమ్మి షెడ్డంతా నిండిపోయింది. ఆ గురక అరుపయింది, అరుపు కేకయింది. అటువంటి కేక నేను ఏ జంతువు దగ్గరా వినలేదు. కారు నిలబడ్డచోటే ఊగుతోంది, కింద పెట్టిన దుంగలు జారుతున్నాయి. ఒక బెల్టు తెగి కొరడాలా వచ్చి షావుకారు గారి మనిషి మెడమీద కొట్టి రక్తం తెప్పించింది. "ఓలమ్మో, పేలిపోతాదిరో" అంటూ జనం ఒకరినొకరు తొక్కుకుంటూ రోడ్డు మీదికి పారిపోయారు. హార్మోనియం ఎవరి కాళ్ళకిందో పడి చితికిపోయింది.

అన్నయ్య పారిపోలేదు. గాలి ఆపితే గానీ అది ఆగదని వాడికి తెలుసు. కారులోంచి దూకి, బానెట్ కిందికి వంగి, టర్బోకు గాలి వెళ్ళే గొట్టాన్ని ఊడబీకాడు. ఆ వెనకనుంచి పెదనాన్న గునపం ఎత్తుకుని వస్తున్నారు. ఆయన దృష్టిలో కొడుకు తన ఇంట్లోకి ఒక రాక్షసిని తెచ్చాడు, ముందు కొడుకును కొట్టాలి. మొదటి దెబ్బ అన్నయ్య వీపు మీద పడింది. వాడు తిరిగి కూడా చూడలేదు. అందుబాటులో ఇంకేమీ లేక అరచెయ్యి తీసి ఆ గాలినోటికి అడ్డం పెట్టేశాడు. అది వాడి చేతిని లోపలికి పీల్చుకుంది. లోపల తిరుగుతున్న గాలిమర ఆకులు వాడి వేళ్ళను అందుకున్నాయి. వాడు కేకవేశాడు గానీ ఇంజను కేకలో అది వినిపించలేదు, నోరు తెరుచుకోవడమే కనిపించింది. ఎర్రటి తుంపర పెదనాన్న ముఖం మీద పడింది.

రెండోసారి ఎత్తిన గునపం ఆయన చేతిలోంచి జారిపోయింది. అటూ ఇటూ చూశారు. తరువాత ఆయన చేసిన పని సమాజంలో ఇంకెవరు చేసినా ఆయన బతకనిచ్చేవారు కాదు. శివపార్వతుల పటాన్నీ, వెలుగుతున్న దీపాన్నీ, పొంగలి గిన్నెనూ ఒక్క చేత్తో నేలమీదికి తోసేసి, ఆ పీటను లాక్కుని, అన్నయ్య చెయ్యి పక్కకు లాగి, పీటను ఆ గాలినోటికి అడ్డం పెట్టి తన ఛాతీతో అదిమేశారు. ఇంజను గింజుకుంది, కారంతా ఎత్తి పడేసినట్టు దడదడలాడింది, ఒకసారి దగ్గింది, చచ్చిపోయింది. పటం అద్దం మా కాళ్ళకింద నలిగింది. ఆ రోజు దేవుడు కింద పడ్డాడని, శాంతి చేయించాలని తరువాత సమాజంలో కొందరు అన్నారు. దేవుడు దిగి వచ్చి పీట ఇచ్చాడని నేనన్నాను. ఇప్పటికీ ఆ మాటే అంటాను.

అన్నయ్య కుడిచేతి రెండు వేళ్ళు పైకణుపుల వరకూ పోయాయి. ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని తిన్నగా షెడ్డుకే వచ్చాడు. గడప బయట నిలబడి, "తమ్ముడూ, విప్పు. ఏటయిందో సూసి పోతాను" అన్నాడు నాతో. ఇంజను సరిగ్గా తిరగలేదు కనుక, మాట ప్రకారం వాడు వెళ్ళిపోవలసినవాడే. పెద్దమ్మ ఏడవడం కూడా మానేసి వాడి బట్టల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సమాజం పెద్దలు వచ్చి నిలబడ్డారు. పెదనాన్న ముఖం మీద రక్తం ఇంకా కడుక్కోలేదు. వాడు బయటనుంచి చెబుతుంటే నేను ఒక్కొక్కటీ విప్పాను. టర్బో కింద వంపు గొట్టం తీసి నేలకు తట్టాను. నల్లటి నూనెలో నాని ముద్దయిపోయిన ఒక బంతిపువ్వు జారిపడింది. టార్చి వెలుగు అందని వంపులోకి జారి, అక్కడే ఇరుక్కుని నూనె దిగే దారిని పూర్తిగా మూసేసింది. దిగవలసిన నూనె పైకి పొంగి గాలిదారిలో పడి, ఇంజను డీజిలు అవసరం లేకుండా తన ఒంట్లో నూనెనే తాగుతూ పరుగెత్తింది. అటువంటప్పుడు తాళం తీసినా లాభం లేదు.

అందరం అక్షతలు జల్లాము గానీ, పువ్వులు పెట్టింది ఒక్కరే. పెదనాన్న ఆ పువ్వును వేళ్ళతో తీసుకుని చూశారు. పగిలిన పటం ముందు నిలబడి లెంపలు వేసుకోవడం మొదలుపెట్టారు. మనం గుళ్ళో మెల్లగా తాకించుకుంటామే, అలా కాదు. నట్లు విప్పిన ఆ చేత్తో, జీవితమంతా మమ్మల్ని కొట్టిన బలంతో, ఎడమా కుడీ, కుడీ ఎడమా. పెదవి చిట్లింది, నోట్లోంచి రక్తం గడ్డం మీదికి దిగింది. నేనూ ఇంకో ఇద్దరూ పట్టుకుంటే విదిలించి పారేశారు. చివరికి అన్నయ్యే గడప దాటి వచ్చి, కట్టున్న చేతిని తండ్రి చెంపకు అడ్డం పెట్టాడు. ఆయన చెయ్యి ఆ కట్టుకు ఒక అంగుళం దూరంలో ఆగిపోయింది.

అప్పుడు ఆయన మొలతాడులోంచి తాళం తీసి కొడుకు ఎడంచేతిలో పెట్టారు. "ఇంజను తిరగలేదు కదా నాన్నా" అన్నాడు వాడు. "నువ్వు కట్టింది తిరిగినాది. నాను పెట్టిన పువ్వే పాడు సేసినాది" అన్నారు ఆయన. తరువాత పెదవి రక్తం తుడుచుకుని, "సామి ముందు అన్న మాట ఉన్నాది. ఒకడు ఈ గడప తొక్కకూడదు. ఆ ఒకడు నానే" అని బయటికి నడిచారు. పెద్దమ్మ అడ్డం పడింది, సమాజం పెద్దలు ధర్మసూక్ష్మాలు చెప్పారు, అన్నయ్య కాళ్ళు పట్టుకున్నాడు. ఆయన ఆగలేదు. పోయేవరకూ మళ్ళీ ఆ షెడ్డు గడప తొక్కలేదు.

ఇంట్లో తింటూనే ఉన్నారు, పడుకుంటూనే ఉన్నారు, కొడుకుతో ముక్తసరిగా మాట్లాడుతూనే ఉన్నారు. పొద్దున్నే లేచి షెడ్డుకు ఎదురుగా, రోడ్డు అవతల టీకొట్టు బల్ల మీద కూర్చునేవారు. అన్నయ్య మొండివేళ్ళతో, నా చేతుల సాయంతో, ఆ ఇంజనును మళ్ళీ కట్టాడు. ఈసారి మూతలన్నీ బిగించాకే సమాజాన్ని పిలిచాడు. అది స్టార్టయినప్పుడు పెదనాన్న టీగ్లాసు పట్టుకుని రోడ్డు అవతలే లేచి నిలబడ్డారు. షావుకారు గారు కొయ్యూరు ఘాటీ ఎక్కి దిగి వచ్చి, కారు హారను కొట్టుకుంటూ ఊరంతా తిరిగారు. పెదనాన్న ఆ వేళ నన్ను పిలిచి, "మూడో సిలిండరు కొంచెం టకటకమంటన్నాది, సూడమను" అన్నారు. నేను వెళ్ళి చెప్పాను. అన్నయ్య "ఆయనకేటి తెలుస్తాది" అని గొణిగి, ఆ తరువాత ఎవరూ చూడకుండా మూడోది విప్పి సరిచేశాడు. అలా ఏళ్ళు నడిచింది. తండ్రి రోడ్డు అవతల, కొడుకు ఇవతల, మధ్యలో నేను ఇద్దరి మాటలూ మోసుకుంటూ.

ఆ రోజు తరువాత ఆయన ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు. భజనలో తాళాలు మాత్రం మానలేదు, కళ్ళవెంట నీళ్ళూ మానలేదు. కోపం గురించి సోమవారం నేను చెప్పవలసి వచ్చినప్పుడల్లా ఆ ఇంజనే చెబుతాను. బయటినుంచి ఎవరూ ఏమీ పోయనక్కర్లేదు, దిగే దారి మూసుకుపోతే మనిషి తనను తానే తాగుతూ పరుగెడతాడు, మధ్యలో ఎవరి చెయ్యి అడ్డం వస్తే ఆ చెయ్యి నలుగుతుంది. కొత్తవాళ్ళు తలలూపుతారు, నా ఈడు వాళ్ళు తలలు దించుకుంటారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ అటువంటి చేతులు ఉండేవి కదా.

పెదనాన్న పోయి చాలా కాలమైంది. అన్నయ్య షెడ్డు ఇప్పుడు రెండింతలు పెద్దది. అక్కడ పనిచేసేవాళ్ళు చేతులకు తొడుగులు వేసుకుంటారు, కంప్యూటరు తెర చూసి లోపం చెబుతారు, ఎవరూ ఎవరినీ అరేయ్ అని కూడా అనరు. మంచిదే. ఆ దెబ్బలు మళ్ళీ రావాలని ఏ భక్తుడూ కోరకూడదు, నేనూ కోరను. కానీ ఇప్పటి ఇంజన్లు రోడ్డు దాటి వినిపించవు. మొన్న ఒక మధ్యాహ్నం ఆ టీకొట్టు బల్ల మీద కూర్చుని చాలాసేపు చెవి పెట్టాను. లోపల నాలుగు బళ్ళు నడుస్తున్నాయని తరువాత తెలిసింది. ఒక్కదాని గొంతూ నా దాకా రాలేదు. కోపం వచ్చిన మనిషి, మాట పట్టిన మనిషి, గడప అవతల కూర్చుని కూడా కొడుకు పని వినగలిగిన కాలం ఒకటి ఉండేది. ఇప్పుడు అన్నయ్య కూడా అప్పుడప్పుడు చేస్తున్న పని ఆపి, రోడ్డు అవతలికి ఒకసారి చూసి, తల దించుకుని మళ్ళీ పనిలో పడతాడు.